వణుకు ఎప్పుడు, ఎక్కడ, ఎప్పటినుండి?

మీరు ఎన్నో ఏండ్లుగా కోరుకొనిన వీ-ట్విన్ మోటారు సైకిలును తుదకు సంపాదించితిరి. అది పాతబండియే అయినను మీ అభిరుచి చొప్పున దానికి క్రొత్త సైలెన్సరులు తొడిగించితిరి, గాలి ఫిల్టరు మార్పించితిరి, ఎత్తైన హాండిలు బిగించితిరి. మంచిర్యాల నుండి చెన్నూరు మీదుగా వచ్చి, ప్రాణహిత వంతెన దాటి, సిరోంచలో చాయ త్రాగి, జగ్దల్‌పూరు త్రోవ పట్టితిరి. పాతగూడెము సమీపించునప్పటికి ఫుట్‌రెస్టులపై నున్న పాదములకు మునుపు ఎరుగని ఒక కంపనము తెలియవచ్చినది, అరచేతులు తిమ్మిరెక్కినవి, అద్దములో వెనుకవచ్చు లారీ చెదరి కనబడినది. ఇప్పుడు మీరేమి చేయవలెను?

ఇట్టి సమయమున మనస్సు రెండు విధముల తప్పుదారి త్రొక్కును. "వీ-ట్విన్ అన్న తరువాత వణకదా?" అని తనకు తాను నచ్చచెప్పుకొని, మరి రెండువందల కిలోమీటర్లు అట్లే నడుపుట ఒకటి, "ఇంజను పోయింది" అని గుండెజారి, ఎదురైన మొదటి షెడ్డులోనే దానిని నిలువునా విప్పించుట రెండవది. మొదటిదానివలన బండికి చేటు. రెండవదానివలన బండికిని, జేబునకును కూడ చేటు. మార్పులు చేసిన బండి విషయమున వణుకు ఎంత యున్నదను ప్రశ్నకు విలువ తక్కువ. అది ఎప్పుడు వచ్చుచున్నది, ఎక్కడ తెలియుచున్నది, ఏ మార్పు జరిగిన నాటినుండి మొదలైనది అను మూడు ప్రశ్నలకు ఓపికతో సమాధానము రాబట్టగలిగినచో, పానా చేతబట్టక మునుపే మీరు సగము పని ముగించినవారగుదురు.

పాతగూడెమును ఉదాహరణముగ గైకొనుటకు కారణము కలదు. గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో, ఇంద్రావతి ఒడ్డున, మహారాష్ట్రము ముగిసి ఛత్తీస్‌గఢ్ మొదలగు చోట ఆ ఊరున్నది. గోదావరి కావలి ఒడ్డు తెలంగాణము. నిజామాబాదు నుండి జగ్దల్‌పూరు పోవు రాజమార్గము, పూర్వము 16వ నంబరుదై నేడు 63వ నంబరు జాతీయ రహదారిగా పిలువబడునది, ఆ త్రోవనే పోవును. ఇండ్లలో తెలుగు, కచేరి కాగితములలో మరాఠీ, అడవి పల్లెలలో గోండీ వినబడు ఈ సీమనుండి జిల్లా కేంద్రమునకు పోవలెనన్నను సిరోంచ మొదలుకొని రెండువందల కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము. ఇచ్చటి షెడ్డులలో స్ప్లెండరును కండ్లు మూసికొని విప్పి బిగింపగల నేర్పరులున్నారు, బుల్లెట్టు గుట్టు తెలిసినవారును ఉన్నారు. అయినను వీ-ట్విన్‌కు కావలసిన ఒక్క రబ్బరు బుష్షు హైదరాబాదు నుండియో నాగపూరు నుండియో రావలసినదే. విడిభాగము దూరమైన చోట రోగనిర్ణయమునకు విలువ హెచ్చును. పట్టణమున ఊహపై ఒక భాగమును మార్చి చూచినచో పోవునది ఒక పూట. ఇక్కడ పోవునది ఒక వారము.

కావున నెమ్మదిగా, వెలుపలినుండి లోనికి పోవుదము.

1. బండి స్వభావమును ముందుగా తెలిసికొనుడు

ప్రతి వీ-ట్విన్ ఒక్కతీరున వణకదు. రెండు సిలిండరుల మధ్య కోణమును బట్టియు, ఇంజనును ఛాసిస్‌నకు తగిలించిన తీరును బట్టియు వణుకు మారును. హార్లీ స్పోర్ట్‌స్టర్ ఇంజనులో సిలిండరుల మధ్య కోణము 45 డిగ్రీలు. రెండు కనెక్టింగు రాడ్లును ఒకే క్రాంకు పిన్నుపై నుండుటచే ఒక పేలుడునకు మరియొక పేలుడునకు నడుమ ఒకసారి 315 డిగ్రీలును, మరల 405 డిగ్రీలును ఎడముండును. ఈ అసమానమైన లయయే జనులు మోజుపడు ఆ బండి ధ్వనికి మూలము. ఐడ్లింగులో అది ఊగుటకును మూలము అదియే. 2004 మోడలుకు పూర్వపు స్పోర్ట్‌స్టర్‌లలో ఇంజనును నేరుగా ఛాసిస్‌నకు బోల్టులతో బిగించెడివారు. 2004 నుండి రబ్బరు మౌంటింగులు వచ్చినవి. రబ్బరుపై కూర్చున్న ఇంజను స్లోలో కంటికి కనబడునట్లు కదలాడి, వేగము హెచ్చిన కొలది నెమ్మదించుట సహజము. నేరుగా బిగించిన ఇంజను వేగము హెచ్చిన కొలది మరింత గట్టిగా మీ కాళ్ళకు తెలియుటయు అంతే సహజము. డుకాటీ, హ్యోసంగ్ జీటీ 650 వంటి 90 డిగ్రీల ఇంజనులలో క్రాంకుపై ఉంచిన ప్రతిభారము ముఖ్యమైన కంపనమును దాదాపు పూర్తిగా అణచివేయును. కనుక అట్టి బండి గట్టిగా వణకినచో, అది స్వభావమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. హర్యానాలోని బావల్‌లో తయారై మన రోడ్లపై విస్తారముగ తిరిగిన హార్లీ స్ట్రీట్ 750 ఇంజను 60 డిగ్రీలది.

మనకు పొరుగు రాష్ట్రముననే ఇంకొక విశేషమున్నది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ కార్‌బెరీ రెండు బుల్లెట్టు సిలిండరులను ఒకే క్రాంకు కేసుపై 55 డిగ్రీల కోణమున నిలిపి 1000 సీసీ వీ-ట్విన్‌ను రూపొందించెను. ఆ ప్రయత్నమే పిమ్మట ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయికి తరలివచ్చి, 2018లో డబుల్ బారెల్ అను పేర బండిగా వెలువడినది. అనికేత్ వర్ధన్ అను మన దేశీయుడు అమెరికాలోని ఒహాయోలో ఇదే మార్గమున 59 డిగ్రీల మస్కెట్ ఇంజనును నిర్మించెను. ఇట్టి ఇంజనులను చూచినప్పుడు నాకు కలుగు గౌరవము చిన్నది కాదు. ఏలయన, ఒంటి సిలిండరు కొరకు పుట్టిన భాగములను జంటగా నిలిపి, రెండింటి భారమును క్రాంకుపై సమన్వయించుట మిక్కిలి సూక్ష్మమైన విద్య.

మీ బండి ఆరోగ్యముగ నున్న దినములలో ఎట్లు వణకునో మీకు తెలియునా? తెలియనిచో నేడే ఒక చిన్న నోటుపుస్తకము తీసికొనుడు. న్యూట్రలులో నుంచి 2000, 3000, 4000 ఆర్‌పీఎం వద్ద ఒక్కొక్కసారి నిలిపి, చేతికి, పాదమునకు, సీటుకు ఏమి తెలియుచున్నదో వ్రాయుడు. ఈ పుట మీకు ఏ మెకానిక్కును ఈయలేని సాక్ష్యము.

2. ఇంజను వణకుచున్నదా, చక్రము వణకుచున్నదా?

జనులు ఎక్కువగా దాటివేయు మెట్టు ఇదియే. ఖాళీగా, నేరుగా ఉన్న రోడ్డుపై వణుకు వచ్చు వేగమునకు చేరి, క్లచ్చి నొక్కి, ఎక్సిలేటరు వదలుడు. ఇంజను స్లోకు దిగినను వణుకు నిలిచియున్నచో దోషము టైరులోనో, రిమ్ములోనో, చక్రపు బేరింగులోనో, చెయినులోనో ఉన్నది, ఇంజనును నిందింపరాదు. వణుకు తత్‌క్షణమే మాయమైనచో, అదే వేగమున ఒక గేరు తగ్గించి నడిపి చూడుడు. రోడ్డు వేగము మారకయే ఇంజను వేగము మారును గదా. వణుకు దేనిని అనుసరించినదో అదియే దోషి. చివరగా బండిని నిలిపి, న్యూట్రలులో రేజు చేసి చూడుడు. నిలిచిన బండిలోను అదే ఆర్‌పీఎం వద్ద అదే వణుకు వచ్చినచో సందేహము తీరినట్లే.

సంఖ్యలు ఇక్కడ కొంత తోడ్పడును. గంటకు 80 కిలోమీటర్ల వేగమనగా సెకనుకు సుమారు 22 మీటర్లు. రెండు మీటర్ల చుట్టుకొలత గల చక్రము ఆ వేగమున సెకనుకు 11 మారులు మాత్రమే తిరుగును. 3000 ఆర్‌పీఎం వద్ద క్రాంకు సెకనుకు 50 మారులు తిరుగును. కావున శరీరమునకు ఊపువలె, లెక్కపెట్టదగినంత నెమ్మదిగా తెలియునది చాలవరకు చక్రము పని. తిమ్మిరివలె సన్నగా తెలియునది ఇంజను పని.

ఇంకొక లక్షణము గమనింపుడు. వణుకు వేగముతోపాటు క్రమముగా పెరుగుచు పోవుచున్నదా, లేక ఒక్క ఆర్‌పీఎం వద్ద విజృంభించి, అది దాటగానే అణగిపోవుచున్నదా? తిరుగు భారములలోని అసమతౌల్యము వలన పుట్టు బలము వేగము రెట్టింపైనచో నాలుగు రెట్లగును. అది ఒక్క చోట విజృంభించి మాయము కాదు. ఒక్క చోట మాత్రమే వచ్చు వణుకు, ఇంజను కంపనమునకు మరియొక భాగము ప్రతిధ్వనించుటచే కలుగునది: వదులైన మౌంటింగు, పొడవైన హాండిలు, నెంబరు ప్లేటు బ్రాకెట్టు, సైలెన్సరు క్లాంపు. చేతులకు మాత్రమే తెలిసి, సీటునకు, కాళ్ళకు తెలియని వణుకైనచో, మీరు తొడిగించిన ఎత్తు హాండిలును, దాని రైజరుల క్రింది బుష్షులను ముందుగా పట్టి చూడుడు. పెద్ద ఖర్చు తప్పుట ఎంత సులభమో!

3. చివరి మార్పే మొదటి అనుమానితుడు

సిరోంచలోని ఒక షెడ్డు ముందు ఈ క్రింది సంభాషణము జరిగినట్లు ఊహింపుడు.

"అన్నా, బండి గజగజ వణుకుతాంది. ఇంజను ఇప్పుతవా?"

"ఆగు తమ్మీ. సైలెన్సరు కొత్తగున్నది గద, ఎప్పుడు ఏపిచ్చినవ్?"

"పోయిన నెలల, హైదరాబాదుల."

"వణుకుడు ఎప్పటిసంది?"

"ఏమో అన్నా... పోయిన నెలసందే అనుకుంట."

"మరి ఇంజనేం జేసింది? సైలెన్సరు బోల్టులు లూజు చేద్దాం పట్టు."

ఈ మెకానిక్కు హార్లీని ఎన్నడును విప్పియుండకపోవచ్చును. అయినను అతడు సరియైన ప్రశ్న వేసెను. మార్పులు చేసిన బండికి చరిత్ర యుండును. సైలెన్సరు ఎప్పుడు, హాండిలు ఎప్పుడు, స్ప్రాకెట్టు ఎప్పుడు, పిస్టనులు ఎప్పుడు మార్చితిరో వరుసగా తేదీలతో వ్రాసి, వణుకు మొదలైన దినమును ఆ వరుసలో గుర్తింపుడు. రెండు మార్పులు ఒకే దినమున చేయించుట ఇందుకే తగదు. ఫలితము ఏ మార్పుదో ఎవరును చెప్పజాలరు.

అన్యప్రసంగమైనను ఒక మాట. మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను తయారీదారు నిర్ణయించిన స్వరూపమునకు భిన్నమైన మార్పులను నిషేధించుచున్నది, 2019 జనవరిలో సుప్రీం కోర్టు దానిని గట్టిపరచినది. మూడు రాష్ట్రముల పొలిమేరలో నడుచు బండికి చేయించు ప్రతి మార్పునకు ముందు ఈ విషయము స్మరణలో నుండవలెను.

ఇక సైలెన్సరు సంగతి. బిగించువారు తొందరలో వెనుక బ్రాకెట్టును ముందుగా బిగించి, పిమ్మట పైపును సిలిండరు నోటికి బలవంతముగ లాగి తగిలింతురు. అప్పుడా పైపు నిరంతరము లాగబడియే యుండి, ఇంజను కదలికను రబ్బరు మౌంటింగులు మ్రింగివేయుటకు మారుగ నేరుగా ఛాసిస్‌నకు చేరవేయును. చికిత్స సులభము, ఉచితము: ఇంజను చల్లారిన పిమ్మట పైపుల బోల్టులన్నిటిని వదులు చేయుడు, పైపును దాని ఇష్టము వచ్చినట్లు కూర్చుండనిండు, మొదట సిలిండరు నోటివద్ద, తరువాత నడిమి క్లాంపు, చిట్టచివర వెనుక బ్రాకెట్టు బిగింపుడు. బ్రాకెట్టు రంధ్రమునకు బోల్టు చేతితో సులువుగా దూరకున్నచో బ్రాకెట్టును సరిచేయవలెనే గాని బోల్టును సుత్తెతో దింపరాదు.

4. మౌంటింగులను చూపుతో, వ్రేలితో, గీతతో పరీక్షింపుడు

సిరోంచనుండి అలాపల్లి వైపు పోవు రోడ్డు సంగతి ఈ సీమవాసులకు చెప్పనక్కరలేదు. గతుకులలో నడిచిన బండికి మొదట వదులగునది ఇంజను మౌంటింగే.

బండిని కడుగక మునుపే చూడుడు. కడిగినచో సాక్ష్యము కొట్టుకొనిపోవును. బోల్టు తల చుట్టును, ఇనుము ఇనుముతో కలియు చోటను, ఇటుకరంగు పొడి సన్నగా చేరియున్నదా? వ్రేలితో తీసి చూచినచో అది మట్టివలె గరుకుగా నుండక మెత్తగా, కుంకుమవలె వ్రేలికి అంటుకొనును. అది త్రుప్పు, ఆ రెండు భాగములు ఒకదానిపై నొకటి కంటికి తెలియనంత సన్నగా రాచుకొనుచున్నవని అర్థము. అల్యూమినియము భాగముల వద్ద అదే రాపిడి నల్లని మసిగా కనబడును. బోల్టు బిగువుగా తోచినను, పొడి యున్నచో అది బిగువుగా లేదు. నా మట్టుకు పదునైన చెవికంటె ఈ చిటికెడు పొడిపై విశ్వాసము ఎక్కువ.

పిమ్మట ప్రతి బోల్టు తలనుండి ప్రక్కనున్న లోహము మీదికి తెల్లని పెయింటుతో ఒక గీత గీయుడు. నూరు కిలోమీటర్లు నడిపిన తరువాత ఆ గీత విరిగి కనబడినచో బోల్టు తిరిగినది. ఒక స్నేహితుని బండిపై కూర్చుండబెట్టి మెల్లగా రేజు చేయించుచు, మీరు ప్రక్కకు కూర్చుండి ఇంజనుకును ఛాసిస్‌నకును నడుమ గల సందును గమనింపుడు. ఒక ప్రక్క మాత్రమే ఎక్కువగా కదలుచున్నచో ఆ ప్రక్క రబ్బరు చీలినదో, ఆయిలులో నాని ఉబ్బినదో అయియుండును. పైభాగమున ఇంజనును పట్టియుంచు లింకు రాడ్డును మరువరాదు. దాని చివరలు అరిగినచో మిగిలిన మౌంటింగులన్నియు క్రొత్తవైనను వణుకు పోదు.

బోల్టులను ఊహపై బిగింపకుడు. బండి పుస్తకములో ప్రతి బోల్టునకును టార్క్ చెప్పబడియుండును. టార్క్ రెంచి మీ షెడ్డులో లేనిచో కారు మెకానిక్కు వద్దనైన దొరకును. అతిగా బిగించిన బోల్టు అల్యూమినియములోని మరలను చీల్చివేసినచో, వణుకు కన్న పెద్ద విపత్తు సంప్రాప్తించును. మరియొక పొరపాటు తరచుగా కనబడుచున్నది: రబ్బరు మౌంటింగు పోయినదని దాని స్థానమున లేతుపై తిప్పించిన అల్యూమినియము దిమ్మెను బిగించుట. అది గట్టిగానే యుండును. కాని 45 డిగ్రీల ఇంజను కంపనమంతయు అప్పటినుండి ఛాసిస్‌లోనికి ప్రవహించి, ముందు వెల్డింగులను, తరువాత బ్రాకెట్టులను, తుదకు మీ మణికట్టులను పరీక్షించును.

5. రెండు సిలిండరులును సమానముగ పనిచేయుచున్నవా?

వీ-ట్విన్ వణుకునకు గల కారణములలో దీనికి నేను మొదటి స్థానము నిత్తును. అయినను ఐదవదిగా వ్రాయుటకు కారణము, దీనిని పరీక్షించుటకు మునుపు మౌంటింగుల సందేహము తీరవలెననియే. నాలుగు స్ట్రోకుల ఇంజనులో ఒక్కొక్క సిలిండరు క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పుడు ఒకమారు మాత్రమే పేలును. ఒకటి మిస్సు కొట్టినచో, 3000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 50 మారులు తిరుగు క్రాంకును సెకనుకు 25 మారులు మాత్రమే, అదియు ఒకే ప్రక్కనుండి, బలము త్రోయుచుండును. ఆ వణుకు సన్నని తిమ్మిరి కాదు. బండి మొత్తము కుదిపినట్లుండును. బండి గుంజదు, సైలెన్సరు పటపట పేలును.

ఉదయమున, ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడు స్టార్టు చేసి, ఒక నిమిషము తరువాత సిలిండరు నోటికి దగ్గరగా ఒక్కొక్క పైపుపై ఒక నీటిచుక్క విడువుడు. ఒకదానిపై చుక్క చుయ్యిమని ఆవిరియై, రెండవదానిపై మెల్లగా జారినచో, జారినచోటనే మీ వెదుకులాట మొదలుపెట్టుడు. చేయి పెట్టి చూడకుడు, నీటిచుక్క చాలును. గాలిచే చల్లబడు ఇంజనులలో వెనుక సిలిండరు ముందుదాని చాటున నుండుటచే కొంత ఎక్కువ వేడెక్కుట సహజము. కాని స్టార్టు చేసిన మొదటి నిమిషమున ఆ భేదము లెక్కింపదగినది కాదు.

ఆ పైన ప్లగ్గులు విప్పుడు. ఇటుక ఛాయ గలిగిన లేత గోధుమరంగు ఆరోగ్యము. ఎండిన నల్లని మసి పెట్రోలు ఎక్కువైనదనుటకు, తెల్లని మొన పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైనదనుటకు, నూనెతడి రింగులో వాల్వు గైడులో అరిగినవనుటకు గుర్తులు. రెండు ప్లగ్గులును ఒకదాని స్థానమున నొకటి మార్చి బిగింపుడు. దోషము ప్లగ్గుతోపాటు రెండవ సిలిండరుకు తరలినచో ప్లగ్గు మార్చుటతో కథ ముగియును. తరలనిచో ప్లగ్గు నిర్దోషి. ఇంజను నడుచుచుండగా ప్లగ్గు కాపును లాగి చూచుట పాతకాలపు అలవాటు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను గల బండిలో ఆ పని షాకునకును, ఇగ్నిషను పెట్టె చెడుటకును దారితీయును.

క్రొత్త ఫిల్టరు, క్రొత్త సైలెన్సరు తొడిగించి, కార్బురేటరు జెట్టులను గాని ఇంజెక్షను లెక్కలను గాని మార్పించని బండి వణకు అవకాశము హెచ్చు. గాలి వచ్చు త్రోవ, పొగ పోవు త్రోవ రెండును వెడల్పయినప్పుడు పెట్రోలు పాత కొలతలోనే యున్నచో మిశ్రమము పలుచనగును. దానికి తోడు, హార్లీ వంటి బండ్లలో ఇన్‌టేకు పైపు రెండు సిలిండరుల నడుమ వేడిలో నుండును; దాని రబ్బరు సీళ్ళు కాలక్రమమున బిరుసెక్కి దొంగగాలిని లోనికి రానిచ్చును. స్లోలో నడుచుచున్న ఇంజను సీళ్ళపై నీటిని సన్నగా చిమ్మి చూడుడు. ధ్వని మారినచో గాలి దూరుచోటు దొరికినట్లే. ఈ పనికి పెట్రోలు వాడువారిని చూచుచున్నాము. వేడి ఇంజనుపై అది అగ్నితో ఆట, ఎన్నడును చేయకుడు.

వానకాలమున ఇంకొక అనుమానము జతపడును. ఇప్పటి మన పెట్రోలులో ఇథనాలు 20 శాతము వరకు కలిసియుండును. ఇథనాలు నీటిని పీల్చుకొనును, నీరు మితిమీరినచో ఇథనాలుతో కలిసి ట్యాంకు అడుగునకు దిగును. అడవి త్రోవలో చిన్న కొట్టుల ముందు సీసాలలో అమ్ముడగు పెట్రోలు పోయించిన పిమ్మట వణుకు మొదలైనచో, కార్బురేటరు అడుగు స్క్రూ వదలి పారదర్శకమైన సీసాలోనికి కొంత దింపి, కాసేపు కదలింపక చూడుడు. అడుగున వేరొక పొర ఏర్పడినదా?

6. చెయినును తిప్పి చూడుడు

దీనికి ఎక్కువ మాటలు అవసరము లేదు. వెనుక చక్రమును మెల్లగా తిప్పుచు నాలుగైదు చోట్ల చెయిను వదులును కొలువుడు. ఒకచోట బిగువుగా, మరియొకచోట వదులుగా నున్నచో చెయిను అసమానముగ సాగినది; బిగువు సరిచేయుట వ్యర్థము, స్ప్రాకెట్టులతో సహా మార్పుడు. ఇంజను ప్రక్క కవరు లోపలి ప్రైమరీ చెయిను విషయమున బండి పుస్తకము చెప్పిన కొలతను మీరకుడు.

7. ఇచ్చట ఆగవలెను

ఇంతవరకు చెప్పినవన్నియు వెలుపలి పరీక్షలు. ఇవి ముగిసినను వణుకు తగ్గనప్పుడు ఆయిలు దింపుడు. డ్రెయిను బోల్టు చివరి అయస్కాంతముపై నూనెలో కలిసిన మెత్తని బూడిదవంటి పదార్థము కొద్దిగా ఉండుట సామాన్యము. గోటికి తగులు ముక్కలు, రేకులు ఉన్నచో ఆ బండిని ఇక స్టార్టు చేయరాదు. అయస్కాంతమునకు అంటు ముక్క ఉక్కుది, బేరింగునుండియో గేరునుండియో వచ్చినది; అంటక వెండివలె మెరయు రేకు అల్యూమినియముది, పిస్టను వైపు చూపుచున్నది. లోడు పడినప్పుడు క్రిందినుండి బరువైన టకటక ధ్వనియు వణుకుతోపాటు వినబడినచో, ఆయిలు రంగు ఎట్లున్నను ఆగవలసినదే. పాతగూడెమునుండి మంచిర్యాలకు ట్రాలీ ఆటోలో బండి నెక్కించుటకగు ఖర్చు, పగిలిన క్రాంకు కేసు ఖర్చులో ఎన్నవ వంతు?

పిస్టనులు మార్చిన బండికి ఒక ప్రత్యేక ప్రశ్న వేయవలెను: క్రొత్త పిస్టనులను తూచితిరా? క్రాంకుపై గల ప్రతిభారము పాత పిస్టనుల, పిన్నుల, రాడ్ల బరువును లెక్కించి చేయబడినది. పెద్ద బోరు పిస్టనులు వేయించి, క్రాంకును మరల బ్యాలెన్సు చేయింపనిచో, వేగము హెచ్చిన కొలది పెరుగు వణుకు తప్పదు. ముందు వెనుక పిస్టనుల బరువులో భేదమున్నచో అది ఇంకను వికటించును. కొన్ని హార్లీ ఇంజనులలో క్రాంకు భాగములు ఒత్తిడితో జోడింపబడియుండును. తీవ్రమైన కుదుపులకు ఆ జోడింపు పిసరంత జరిగినను క్రాంకు వంకరగా తిరుగును. ఈ పని డయలు గేజి యున్న వర్క్‌షాపుది. మీరు చేయగలిగినదెల్ల మీ నోటుపుస్తకమును వారి చేత పెట్టుట: ఏ ఆర్‌పీఎం, ఏ గేరు, శరీరములో ఏ చోటు, ఏ మార్పు తరువాత, ఏయే పరీక్షలకు ఏమి జవాబు వచ్చినది. "బండి వణుకుతాంది" అను ఒక్క మాటతో వచ్చిన వానికిని, "3200 దగ్గర మొదలై 3800కు పోతాంది, న్యూట్రలులో కూడ వస్తాంది, ఎడమ పెడలులనే తెలుస్తాంది" అని చెప్పు వానికిని మెకానిక్కు చేయు పని ఒకటిగా నుండదు.

మరమ్మతు చిన్నదై, బోల్టుల బిగింపుతోనే బండి కుదుటపడినచో, మొదటి నూరు కిలోమీటర్లు అతివేగము లేకుండ నడిపి, ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత తెల్లని గీతలన్నిటిని మరల చూడుడు. ఏ గీతయైన విరిగినచో ఆ బోల్టును మరింత బిగింపక, దాని క్రింది రబ్బరు పోయినదని గ్రహించి, బండి మోడలు సంవత్సరము, మౌంటింగు ముందుదో వెనుకదో, బోల్టు మందము వ్రాసికొని, ఫోటో తీసి, హైదరాబాదుకు ఆర్డరు పంపుడు.